బూడిద కింద రాజధాని

అగ్నిపర్వతం అంటే ఒకనాడు పేలి చల్లారిపోయేదని మనం అనుకుంటాం. కరీబియన్ సముద్రంలో, బ్రిటన్ ఏలుబడిలో ఉన్న మాంట్‌సెర్రాట్ ద్వీపం కథ వేరు. అక్కడి సూఫ్రియర్ కొండ 1995 జూలై 18న రేగింది. మధ్యమధ్య ఆగుతూ 2010 ఫిబ్రవరి దాకా లావా కక్కుతూనే ఉంది.

రాజధాని ప్లిమత్‌ను ఖాళీ చేయించారు. ఉత్తరాన చర్చీలు, బడులు శిబిరాలయ్యాయి. అయితే శిబిరంలో తలదాచుకున్నంత మాత్రాన పొలం పని ఆగుతుందా? కొందరు రైతులు నిషేధిత ప్రాంతంలోని తమ చేలకు వెళ్లి వస్తూనే ఉన్నారు. 1997 జూన్ 25న మండే వాయువులు, బూడిద, రాళ్లు కలగలిసి కొండవాలున దూసుకొచ్చాయి. లావా నుంచైతే పరుగెత్తి తప్పించుకోవచ్చునేమో, దీని ముందు మనిషి పరుగు ఏపాటిది? 19 మంది ప్రాణాలు పోయాయి. చెప్పినా వినలేదని అనడం మనకు తేలికే. చేతికొచ్చే పంటను ఏళ్ల తరబడి వదిలి కూర్చోవడం మనవల్ల అయ్యేదా?

సుమారు 11,000 జనాభాలో మూడింట రెండు వంతులు దీవి విడిచారు. చాలామంది బ్రిటన్ చేరారు. పాత విమానాశ్రయమూ పోయింది. ఉత్తరాన కొత్తది 2005లో తెరిచారు.

కాగితం మీద ప్లిమత్ ఇప్పటికీ రాజధానే. అక్కడ బూడిదలోంచి మేడల పై అంతస్తులు కనిపిస్తాయి.