పాత కారు ప్లాస్టికు భాగములకు రంగు వేయించుట

కారు కొని పది పండ్రెండేండ్లు గడచునప్పటికి దాని యినుప భాగములింకను నిగనిగలాడుచునే యుండును గాని, ముందు వెనుకల బంపర్లును, తలుపుల ప్రక్కనుండు నల్లని బీడింగు పట్టీలును, అద్దముల తొడుగులును బూడిద చల్లినట్లు తెల్లబారును. బెజవాడలో నీ మార్పు మరింత త్వరగా కనబడును. వేసవిలో 45 డిగ్రీలకు చేరు నెండలో, నీడలేని వీధిలో నిలుచు కారునకు ముందుగ నలసిపోవునది ప్లాస్టికే. ఇల్లు నడపు సోదరీమణులకు కారు సంగతి యేలయని కొందరనవచ్చును. పాత కారును మరి యైదేండ్లు నడపుటయా, అమ్మివేయుటయా, మరమ్మతునకు వేలరూపాయలు పెట్టుటయా యను నాలోచన యీనాడు బియ్యము, ఫీజుల లెక్కతోడనే కలసి వచ్చుచున్నది. పైగా మనలో ననేకులు తామే కారు నడపుకొనుచున్నారు.

పూర్వపు కార్లకీ చిక్కు లేదు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరునకు తొలి తరములలో బంపర్లు లోహముతో చేసినవి. వానికి తుప్పే శత్రువు. ఇప్పటి బంపర్లలో పెక్కింటికి మూలపదార్థము పాలీప్రొపిలీను. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు జూలియో నాట్టా, జర్మనీ దేశపు కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన మార్గముననుసరించి, 1954లో దీనిని గట్టి ప్లాస్టికుగా రూపొందించెను. 1963లో వారిరువురకును రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. ఈ పదార్థము మనకు క్రొత్తది కాదు. పప్పులు పోసికొను డబ్బా యడుగున త్రికోణపు గుర్తులో 5 అంకె యున్నచో నది పాలీప్రొపిలీనే. దానిమీద పేరు వ్రాసి యంటించిన చీటీ నాలుగు నాళ్లకే యూడివచ్చుట మనకందరకు ననుభవమే. బంపరుమీది రంగు ఊడుటకును కారణమదియే.

తామరాకుపై నీటిబొట్టువలె ఈ ప్లాస్టికుపై రంగు నిలుచునే కాని యంటదు. కర్మాగారములో రంగువేయుటకు ముందు దానిపై క్షణకాలము మంటను సోకించి గాని, అట్టి వేరొక ప్రక్రియచేత గాని ఆ స్వభావమును మార్చుదురు. వీధి పెయింటరుకడ నా యంత్రములుండవు. అతడు దానికి బదులు, ప్లాస్టికు ప్రైమరను పేర నమ్ము పలుచని ద్రవమును ముందుగ చల్లవలెను. ఇది వాడక నేరుగా రంగు చల్లినచో ఇంటికి తెచ్చిన దినమున నద్దమువలె మెఱయును. కొలది నెలలలో నీటిగొట్టము ధాటికే పొరలు పొరలుగ లేచును. కావున ఏ రంగు వేయుదురని యడుగుటకన్న, రంగునకు ముందేమి చేయుదురని యడుగుట మేలు.

తెల్లబారిన నల్ల పట్టీలకు కొందరు కొబ్బరినూనె పూయుదురు. మరికొందరు అంగటిలోని సిలికాను పాలిషు రుద్దుదురు. ఎండలోని యతినీలలోహిత కిరణములు పై పొరను చిట్లింపగా, ప్లాస్టికులో కలిపిన సుద్దవంటి పొడి బయటపడి తెల్లగ కనబడుచున్నది. నూనె యా గరుకును తడిపి నలుపును చూపును. రెండు వానలకు మరల మొదటికే వచ్చును. సిలికాను మాత్రమంత తేలికగ పోదు. దానిమీద రంగు చల్లినపుడు చేపకన్నులవంటి గుంటలు పడి, పని యంతయు మరల చేయవలసి వచ్చును. రంగు వేయింపదలచినవారు ముందు నెలలనుండియే యీ పాలిషులను మానుట మంచిది. లోగడ పూసియున్నచో పెయింటరుతో దాచక చెప్పవలెను.

బెజవాడలో నిట్టి పనులకు ప్రసిద్ధి చెందిన చోటు ఆటోనగరు. లారీ బాడీ కట్టువారు, టింకరింగువారు, సీట్లు కుట్టువారు, రంగులు కలిపి యిచ్చువారు అందరును కలసి యదియొక యూరే. అచటికి పోవుటకు ముందో, పోయిన పిదపనో, బంపరు నూడదీయించి లోపలివైపు చూడవలెను. పెక్కింటిమీద పీపీ యని గాని, ఏబీఎస్ అని గాని చిన్న అక్షరములు అచ్చొత్తియుండును. పీపీ యన్నది పాలీప్రొపిలీను. దానికి ప్లాస్టికు ప్రైమరు లేక గడవదు. ఏబీఎస్ రంగును సులభముగ పట్టును గాని ఘాటైన థిన్నరు దానిని తినివేయును. అక్షరములు కనబడనిచో, లోపలి యంచునుండి గోరంత ముక్క చెక్కి లోటాలోని నీటిలో వేయుడు. తేలినచో పాలీప్రొపిలీను జాతిదని తలపవచ్చును. మునిగినంతమాత్రమున కాదని చెప్పరాదు. సుద్ద ఎక్కువగ కలిపినదియు మునుగును.

ఇక సిద్ధము చేయుట. పనియంతయు నిచటనే యున్నది. మొదట సబ్బునీటితో కడుగుట, తరువాత జిడ్డు తీయుట, ఆ పిమ్మట వాటరు పేపరుతో రుద్దుట. ఈ క్రమము తప్పరాదు. జిడ్డు తీయక ముందే రుద్దినచో ఆ జిడ్డు గీతలలోనికి దిగి మరి బయటికి రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగరు మొదలగు పేటలు మునిగినపుడు ఎన్నియో కార్లు బురదనీటిలో నిలిచినవి. అట్టి కార్ల బీడింగుల వెనుకను, బంపరు మడతలలోను సన్నని ఒండ్రు గట్టిపడి యుండును. పట్టీని కారుమీదనే యుంచి చుట్టును కాగితమంటించి రంగు చల్లు పనివారికీ ఒండ్రు కనబడదు. గాలిగొట్టము తగులగానే యది లేచి తడి రంగుపై పడును. ఊడదీసి కడిగించుటకు కూలి కొంత యెక్కువైనను తీయించుటయే లాభము. పాత ప్లాస్టికు క్లిప్పులు ఊడదీయునపుడు విరుగుట సహజము, కనుక క్రొత్తవి ముందుగనే కొని యుంచుకొనవలెను.

నునుపైన భాగమును 400 నంబరు, తరువాత 600 నంబరు కాగితముతో తడిపి రుద్దినచో సాధారణముగ చాలును. మెఱుపు ఎక్కడను మిగులక, అంతయు పలకవలె మాసి కనబడవలెను. మడతలలో కాగితము చేరదు. అచట గిన్నెలు తోము పీచువంటి గరుకు పీచు వాడుదురు. పగులు లున్నచో గోడలకు పూయు లప్పము పనికిరాదు. వంగినపుడు చిట్లకుండు ప్లాస్టికు పుట్టీయే పెట్టవలెను. చివర నీరు చల్లి చూచుట పెద్ద పరీక్ష. నీరు బొట్లు బొట్లుగ విడిపోక పలుచని పొరగ పరచుకొన్నచో జిడ్డు పోయినట్లే. ఆరిన తరువాత పొడిగుడ్డతో గట్టిగ తుడువరాదు. అట్లు తుడిచిన ప్లాస్టికు విద్యుదావేశము పొంది గాలిలోని దుమ్మునంతయు పిలిచికొనును.

మన కొండపల్లి బొమ్మల పనివారిని చూచినవారికిదంతయు వింత గాదు. తెల్లపొణికి కఱ్ఱను వేడిచేసి తడి పోగొట్టి, ముక్కలను చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అదికి, సున్నపు పూత వేసిన పిదపనే వారు రంగు ముట్టుదురు. భేదమొక్కటి కలదు. కఱ్ఱ తనంత తానే పూతను పీల్చుకొనును, ప్లాస్టికు పీల్చదు. అందువలన ప్లాస్టికు ప్రైమరు పలుచగ చల్లి, డబ్బాపై వ్రాసిన వ్యవధిలోనే తరువాతి పూత వేయవలెను. ఉదయము చల్లి, భోజనముచేసి, ఇతర పనులు చూచుకొని సాయంకాలము రంగు వేయుట అను నలవాటు చాలచోట్ల కలదు. దానివలన ప్రైమరు వేసిన ఫలము పోవును. బంపరు ఎండలో ఉక్కుకన్న ఎన్నో రెట్లధికముగ సాగును గనుక, రంగులోను క్లియరులోను వంగు గుణమిచ్చు ద్రవమును కలుపుదురు.

కాలమును గూడ చూడవలెను. కృష్ణాడెల్టాలో శ్రావణ భాద్రపదముల తేమ గాలి రంగుపనికి మంచిది కాదు. థిన్నరు వేగముగ నారునపుడు పైభాగము చల్లబడి, గాలిలోని తేమ దానిపై చేరి రంగు పాలు చిందినట్లు తెల్లబడును. నడివేసవి మధ్యాహ్నమున రంగు చినుకు ప్లాస్టికును చేరకముందే యారి గరుకుగ పడును. మార్గశిర, పుష్య మాసములలో మంచు విడిచిన పొద్దు వేళ యనుకూలము.

రంగు చల్లువాని ఊపిరి మాటకు వత్తము. మెఱుపు నిచ్చు క్లియరులో కలుపు హార్డెనరులో ఐసోసయనేటు లను పదార్థములుండును. ఆ తుంపరలు పీల్చిన కొందరికి ఉబ్బసము వచ్చును. ఒకమారు శరీరమునకవి పడకపోయిన పిమ్మట, మిక్కిలి కొలది సోకినను ఆయాసము పుట్టును. ఆ మనిషి తన వృత్తినే విడువవలసి రావచ్చును. మూతికి తువ్వాలు చుట్టుకొని చల్లు కుఱ్ఱవాండ్రను మనము చూచుచునే యున్నాము. తువ్వాలు దుమ్మును కొంత యాపునేమో గాని దీనిని ఆపదు. శుభ్రమైన గాలిని గొట్టముద్వారా అందించు మాస్కును, గాలిని బయటికి లాగు గదియును ఉన్న షెడ్డు వారు ఐదారువందలు ఎక్కువ యడిగినను ఇచ్చుట న్యాయము. ఖర్చు తగ్గునని ఇంటి కారుషెడ్డులోనే యీ క్లియరు చల్లించు సోదరీమణులు, ప్రక్కగదిలో చంటిపాపయు, వంటింటిలో వెలుగుచున్న గ్యాసు పొయ్యియు కలవని తలచుకొనవలెను. థిన్నరు ఆవిరి నేలబారున పాకి దూరపు నిప్పునైనను అందుకొనగలదు.

అసలు అన్నింటికిని రంగు వేయింపవలెనా? కర్మాగారమునుండి గరుకుగ, నల్లగ వచ్చిన బీడింగులను కారు రంగుతో మెఱిపించుట నాకు నచ్చదు. గులకరాయి తగిలిన ప్రతిచోటను లోపలి నలుపు బయటపడును. వానికి ప్లాస్టికు ప్రైమరుపై, హార్డెనరు అక్కరలేని మెఱుపులేని నల్లరంగు చాలును. మొదటినుండియు రంగుతో వచ్చిన బంపరునకే పూర్తి పని తగును. పాతకారు కొనువారు మాత్రము క్రొత్తగ మెఱయు బంపరును చూచి సంతోషింపక, క్రింద వంగి లోపలి వైపు పగులు లున్నవేమో చూచుకొనవలెను.

పని ముగిసిన పిదప మిగిలిన సొమ్ము వెంటనే చెల్లింపక వారము దినములు గడువు పెట్టుకొనుడు. రంగు బాగుగ గట్టిపడిన తరువాత, బంపరు క్రింది మడతలో కంటికి కనబడని చోట గట్టి టేపు నొత్తి యంటించి ఒక్క పెట్టున లాగుడు. టేపు శుభ్రముగ వచ్చినచో మిగిలినది చెల్లింపవచ్చును.