అందరూ ఉన్నారు సరే... పిల్లల్ని చూస్తున్నదెవరు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఈ మూడు జిల్లాల్లో ఎటు వెళ్లినా సముద్రం కనిపించదు. చెరువులున్నాయి, బావులున్నాయి, భూపాలపల్లి వైపు గోదావరి ఉంది. సముద్రం చూడాలంటే మాత్రం రాత్రంతా ప్రయాణం చేయాల్సిందే. జనగామలోనో మానుకోటలోనో రైలెక్కి, విజయవాడ మీదుగా బాపట్ల చేరి, అక్కడికి దాదాపు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంకకు ఆటోల్లో వెళ్లే కుటుంబాలు ఎన్నో. భూపాలపల్లి వాళ్లయితే వరంగల్‌ దాకా బస్సులో వస్తారు, లేదంటే అందరూ కలిసి తుఫాన్‌ బండి మాట్లాడుకుంటారు. పెద్దబాపు, చిన్నబాపు, మేనత్తలు, అల్లుళ్లు, కోడళ్లు, మనవలు, మనవరాళ్లు... తక్కువలో తక్కువ ఇరవై మంది. ఏడాదికోసారి దొరికే రోజు అది.

ఇంతమంది వెంట ఉన్నారు కదా, పిల్లలకు భయమేముంది అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే. నలుగురే ఉన్న ఇంట్లో తల్లి కన్ను బిడ్డ మీదే ఉంటుంది. ఇరవై మంది ఉన్నచోట తల్లి ‘వాళ్ల నాన్న చూస్తున్నాడు’ అనుకుంటుంది. తండ్రి ‘బావ దగ్గరున్నాడులే’ అనుకుంటాడు. బావ ఫొటోలు తీస్తుంటాడు. అందరూ అక్కడే ఉంటారు, చూసేవాళ్లు ఒక్కరూ ఉండరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలే. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే ఇలా పోయిన ప్రాణాలు 38 వేలకు పైగా ఉన్నాయని జాతీయ నేర నమోదు సంస్థ గణాంకాలు చెబుతున్నాయి.

మునగడం నిశ్శబ్దంగా జరుగుతుంది

సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపుతూ ‘కాపాడండి’ అని అరవడం నిజంగా మునిగేవాళ్లలో అరుదు. కేక వేయాలంటే ముందు ఊపిరి అందాలి కదా. తల వెనక్కి వాలి ఉంటుంది, నోరు నీటి మట్టానికి తేలుతూ మునుగుతూ ఉంటుంది, చేతులు నీటిని కిందికి నొక్కుతుంటాయి. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది. చిన్న పిల్లలైతే ఒక్క నిమిషంలోపే మునిగిపోవచ్చు. ఫోన్‌లో ఒక మెసేజ్‌ చదివి జవాబిచ్చేంత సమయం చాలు.

అందుకే బయల్దేరే ముందే కాపలా పని పంచుకోండి. ఒక ఎర్ర తువ్వాలు పెట్టుకోండి. అది ఎవరి మెడలో ఉంటే పిల్లల బాధ్యత వాళ్లది. వాళ్ల చేతిలో ఫోన్‌ ఉండకూడదు, మాటల్లో పడకూడదు. అరగంట కాగానే తువ్వాలు ఇంకొకరి మెడలో వేసి ‘ఇగ నువ్వు చూడు’ అని నోటితో చెప్పి మరీ అప్పగించాలి. పిల్లలు ఎక్కువమంది ఉంటే ఇద్దరు కావాలి. అయిదేళ్లలోపు పిల్లలకు ఇదీ చాలదు. పెద్దవాళ్లు ఒకరు చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండాల్సిందే. మోకాలి లోతు నీళ్లే కదా అనుకోవద్దు. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాక్కుపోతుంది, పెద్దవాళ్లే తూలిపోతారు.

బావిలో నేర్చిన ఈత

మా ఊరి చెరువు ఈదినోణ్ని, నాకేం భయం అనే మేనమామ ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. నడుముకు బెండు కట్టుకుని బావిలోకి దూకి నేర్చుకున్న ఈత మంచి ఈతే. కాకపోతే బావి నీళ్లు కదలవు. సముద్రం నీళ్లు లాగుతాయి.

ఒడ్డుకు కొట్టిన అలల నీళ్లన్నీ తిరిగి లోపలికి పోవాలి. అవి ఒక్కోసారి ఒకే సన్నని దారిలో జోరుగా వెనక్కి పారుతాయి. దీన్నే ‘రిప్‌ కరెంట్‌’ అంటారు. దీని వేగం సెకనుకు రెండున్నర మీటర్ల దాకా ఉండొచ్చు. అంత జోరుకు ఎదురీదడం ఒలింపిక్‌ ఈతగాడికీ సాధ్యం కాదు. ఇంకో మోసం కూడా ఉంది. రిప్‌ ఉన్నచోట అలలు విరగవు. అటూ ఇటూ తెల్లటి నురగ కనిపిస్తుంటే మధ్యలో ఆ పట్టీ మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. చెరువు నీళ్లకు అలవాటుపడ్డ కన్ను, పిల్లల్ని దింపడానికి సరిగ్గా ఆ చోటునే ఎంచుకుంటుంది.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదొద్దు. ఆ పెనుగులాటలో అలసిపోయే చాలామంది మునిగిపోతారు. రిప్‌ మనిషిని లోతుకు లాగదు, దూరంగా తీసుకెళ్తుంది. ముందు తేలుతూ ఊపిరి నిలబెట్టుకోండి, చెయ్యెత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. దిగే ముందే అక్కడి జాలర్లను, బీచ్‌లో ఉండే పోలీసులను ఎక్కడ దిగొచ్చో అడగండి. రోజూ ఆ నీళ్లను చూసేది వాళ్లే.

కొట్టుకుపోతున్న వాళ్లను చూసి వెంటనే దూకేయాలనిపిస్తుంది. ఒకరి కోసం ఇద్దరు, ముగ్గురు పోవడానికి కారణం అదే. మీతో తెచ్చుకున్న 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ ఖాళీ చేసి మూత బిగించి విసిరితే దాన్ని పట్టుకుని మనిషి తేలగలడు. దానికో తాడు కట్టి పక్కన పెట్టుకుంటే ఇంకా మేలు.

ఇక మందు సంగతి. ఈ మాట రాస్తే కొందరు బావలకు కోపం రావచ్చు. తాగినవాళ్లు నీళ్లలో దిగకూడదు. ఒక్క బీరే తాగినా అంతే. దిగకుండా ఆపే పని కూడా ఇంటివాళ్లదే.

గోదావరికి వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కాళేశ్వరం, మేడిగడ్డ దగ్గర ఇసుక తిన్నెలు బీచ్‌లాగే కనిపిస్తాయి. 2025 జూన్‌లో మేడిగడ్డ దగ్గర స్నానానికి దిగిన ఆరుగురు కుర్రాళ్లు మునిగి ప్రాణాలు కోల్పోయారు. నదిలో అడుగు లోతు పక్కనే నిలువు లోతు గుంత ఉండొచ్చు. నీళ్ల మీద ఆ తేడా తెలియదు.

నానమ్మ ఆకలి, అత్తమ్మ దాహం

నీళ్లలో దిగనివాళ్లకు ప్రమాదం లేదనుకోవద్దు. ఇలాంటి రోజుల్లో మధ్యాహ్నం భోజనం మూడింటికి గానీ కాదు. నానమ్మ పొద్దున్నే షుగర్‌ మాత్ర వేసుకుని ఉంటుంది. తినమంటే ‘అందరు తిన్నంక తింట తియ్‌ బిడ్డా’ అంటుంది. గ్లిమెపిరైడ్‌ లాంటి మాత్రలు, ఇన్సులిన్‌ తీసుకునేవాళ్లకు భోజనం ఆలస్యమైతే షుగర్‌ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు మొదలవుతాయి. ఎండ దెబ్బేమో అనుకుని నీడలో పడుకోబెడతారు. అది కాదు చేయాల్సింది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్‌ చేయాలి. అసలు అంతదాకా రానీయకుండా పెద్దవాళ్లకు ఇంట్లో తినే వేళకే ముందుగా పెట్టేయడం మర్యాద తప్పడమేమీ కాదు. చాలా ఏళ్లుగా షుగర్‌ ఉన్నవాళ్ల పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఇసుకలో చెప్పుల్లేకుండా నడిస్తే కాలిన సంగతి రాత్రికి బొబ్బలు చూశాక గానీ తెలియదు.

ఆడవాళ్ల విషయం ఇంట్లో ఎవరూ ఎత్తరు. బీచ్‌లో బాత్రూమ్‌ ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందోనని పొద్దున ఆరింటి నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. పైన ఎండ, పక్కన ఉప్పు గాలి. ఆ గాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. సాయంత్రానికి తలనొప్పి, కళ్లు తిరగడం. రెండు రోజులకు మూత్రంలో మంట. దీనికి మందు డబ్బాలో లేదు, ముందుచూపులో ఉంది. బీచ్‌ దగ్గర పగటిపూటకు ఒక గది తీసుకుంటే ఆ ఖర్చు ఇరవై మందిలో ఒక్కొక్కరికి ఎంతో పడదు. తడిబట్టలు మార్చుకోవడానికీ, మధ్యాహ్నం 11 నుంచి 3 దాకా పెద్దవాళ్లు నడుం వాల్చడానికీ పనికొస్తుంది. ఖర్చు లెక్క వేసేది మగవాళ్లే కాబట్టి ఈ ముక్క వాళ్ల కోసమే రాస్తున్నాం.

తెల్లవారుజామున మూడింటికి వండి, గిన్నెకు గుడ్డ కట్టి తెచ్చిన మటన్‌ కూర మధ్యాహ్నానికి ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. సూక్ష్మజీవులు పెరగడానికి కావాల్సిందీ ఆ వెచ్చదనమే. వండిన కూర బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. ప్రయాణానికి మన సకినాలు, సర్వపిండి, చింతపండు పులిహోర ఉండనే ఉన్నాయి. మాంసం, చేపలు తినాలనిపిస్తే అక్కడే మీ కళ్ల ముందు వేడిగా చేయించుకుని తినండి.

నీళ్లలోంచి తీశాక...

మునిగినవాళ్లను బయటికి తీయగానే బోర్లా పడుకోబెట్టి కడుపు నొక్కడం, పిల్లలనైతే కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం మన దగ్గర ఇంకా జరుగుతోంది. కడుపు నొక్కితే వచ్చే నీళ్లు కడుపులోవే. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉన్న ప్రాణాన్నీ తీస్తాయి. వెల్లకిలా పడుకోబెట్టి శ్వాస ఉందో లేదో చూడండి. లేకపోతే ఒకరు 108కి ఫోన్‌ చేస్తుంటే ఇంకొకరు గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు ఊపిరి ఊదాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో అరచేతితో 30 సార్లు గట్టిగా నొక్కాలి. పెద్దవాళ్లకు 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో. పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు లోతు. మళ్లీ రెండు ఊపిర్లు, మళ్లీ 30 నొక్కులు. అంబులెన్స్‌ వచ్చేదాకా ఆపొద్దు.

పిల్లాడు దగ్గి, ఏడ్చి, లేచి కూర్చున్నాడు, రాత్రికి రైలు ఉంది, ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకోవద్దు. దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, మత్తుగా ఉన్నా, నురగ కక్కినా రైలు వదులుకుని బాపట్లలోనో చీరాలలోనో ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన కొద్ది నీళ్లు కూడా కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టొచ్చు. అందుకే డాక్టర్లు ఆరు నుంచి ఎనిమిది గంటల పాటు దగ్గర పెట్టుకుని చూశాకే పంపిస్తారు.