ఉక్కునగరంలో నరబలి

భిలాయి అనగానే మనకు కొలిమి గుర్తుకు వస్తుంది. 1955లో సోవియట్ దేశంతో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఆ నగరంలో 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మన రైళ్లు పరుగెత్తే పట్టాలు అక్కడ తయారవుతాయి. ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ తక్కువేమీ కాదు. విజ్ఞానశాస్త్రంపై నిర్మించుకున్న ఆ ఊళ్లోనే, రువాబాంధా ప్రాంతంలో, ఒక తాంత్రిక దంపతులు శిష్యగణాన్ని కూడగట్టుకున్నారు. భార్యను శిష్యులు ‘గురుమాత’ అనేవారు.

2010 నవంబరు 23న ఆ పేటలో రెండేళ్ల పసివాడు కనిపించకుండా పోయాడు. తల్లిదండ్రులూ, ఇరుగుపొరుగువారూ వీధి వీధీ గాలించారు. దంపతుల ఇంటి నుండి మాత్రం సంగీతం చెవులు చిల్లులు పడేటట్లు మ్రోగుతూ ఉంది. బిడ్డ తప్పిపోయి ఊరంతా తల్లడిల్లుతున్న వేళ ఈ పాటల సంబరమేమిటి? ఆ అనుమానమే వెతికేవారిని ఆ గడప దగ్గరకు నడిపించింది. లోపల నెత్తుటి మరకలు కనిపించాయి. నిలదీసి అడిగితే, దేవతకు బలి ఇచ్చామని దంపతులు ఒప్పుకున్నారు. బాలుని శరీరాన్ని అక్కడే పాతిపెట్టారు. అది మొదటి బలి కూడా కాదు. అంతకుముందు ఆరేళ్ల బాలిక ఒకతె ఇదే విధంగా హతమైన సంగతి కూడా బయటపడింది.

ఏ ధ్వనీ బయటకు పొక్కకూడదని పెట్టిన పాటలే పట్టి ఇచ్చాయన్నది, నవలాకారుడెవరికైనా నోరూరించే వ్యంగ్యం. వరుస హత్యలను హాస్యంగా మలచిన సంప్రదాయం పాశ్చాత్యుల్లో పాతదే. పదిమంది స్త్రీలనూ ఒక బాలుణ్ణీ చంపినందుకు 1922లో ఫ్రాన్సులో శిరచ్ఛేదానికి గురైన లాండ్రూ కథ, చార్లీ చాప్లిన్ చేతిలో 1947లో ‘మస్యూ వెర్దూ’ అనే చలనచిత్రంగా మారింది. అక్కడ ప్రేక్షకుడు నవ్వగలడు. హంతకుని పనిలో ధనాశ ఉంది, లెక్కల పుస్తకం వంటి పద్ధతి ఉంది. ఆ పద్ధతిని చూసి నవ్వుతాం. రువాబాంధాలో కూడా పద్ధతి ఉంది. గురువు, శిష్యులు, పూజ, ముహూర్తం, పనుల పంపకం అన్నీ ఉన్నాయి. కాని ఆ పద్ధతి చివర ఉన్నది రెండేళ్ల పిల్లవాడు. ఎంతటి చతురుడైనా అక్కడ కలం దించవలసిందే.

ఇది చదువురాని వారి మౌఢ్యమని సరిపుచ్చుకోవడం సులభం. అయితే 2021 జనవరిలో మన మదనపల్లెలో ఏం జరిగింది? మళ్లీ బ్రతికి వస్తారన్న నమ్మకంతో ఇద్దరు కుమార్తెలను చంపారని పోలీసులు ఆరోపించినది ఉన్నత విద్యావంతులైన తల్లిదండ్రులపైనే. ఉన్మాదానికి పట్టాలు అడ్డురావు. ఒకే నమ్మకాన్ని ఇంట్లో అందరూ పంచుకున్నప్పుడు, ‘ఇది తప్పు’ అని చెప్పే గొంతు ఆ ఇంట మిగలదు. శిష్యగణం ఉన్న చోట ఈ ప్రమాదం మరింత ఎక్కువ; సందేహించిన వాడే అక్కడ ద్రోహి.

చట్టం లేదా అంటే, ఉన్నది. మంత్రగత్తెలన్న నెపంతో స్త్రీలను హింసించడాన్నీ, మంత్రతంత్రాల పేరిట చేసే కొన్ని పనులనూ శిక్షార్హం చేస్తూ ఛత్తీస్‌గఢ్ 2005లోనే ‘టోనహీ’ చట్టం తెచ్చింది. అప్పటికి రువాబాంధా హత్యకు ఇంకా ఐదేళ్ల వ్యవధి ఉంది. చట్టం పుస్తకంలో ఉండటం వేరు, పేటలో పూజ జరుగుతున్న తలుపు తట్టడం వేరు. నరబలిని ప్రత్యేకంగా పేర్కొంటూ మహారాష్ట్ర చట్టం చేసింది 2013లో. అదీ హేతువాది నరేంద్ర దభోల్కర్ హత్య జరిగిన తరువాత.

బాలుని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దంపతుల మరణశిక్షను ఖాయపరచింది. అత్యంత అరుదైన నేరమని పేర్కొంటూ, తీర్పులో న్యాయమూర్తులు ఒక విషయాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. నేరం జరిగిన నాటికి ఆ దంపతులకు సొంత బిడ్డలే ముగ్గురు ఉన్నారు. ముగ్గురూ చిన్నపిల్లలే.