మత్తుమందు ఆయుష్షు కొలిచిన మెరుపు

పెద్దమండ్యం వైపు ఊళ్ల నుంచి ఎవరినైనా ఆపరేషనుకని మదనపల్లెకు తీసుకెళ్తే, థియేటర్ బయట కూర్చున్నవాళ్లు ముందుగా అడిగే మాట "మత్తు దిగిందా?" అని. మనిషికైతే దిగుతుంది. మత్తిచ్చిన వాయువు సంగతేమిటి? సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్... నేడు పీల్పించే మత్తుమందుల్లో ముఖ్యమైన ఈ మూడూ ఈథర్ జాతివే. ఒంట్లో ఇవి పెద్దగా మారవు. రోగి ఊపిరితోనే తిరిగొచ్చి, చాలాచోట్ల గొట్టం గుండా ఆసుపత్రి బయటి గాలిలో కలుస్తాయి. అక్కడ ఎన్నాళ్లు బతుకుతాయో లెక్క తేల్చే యంత్రానికి మూలం యుద్ధకాలపు రాడార్ అనుభవంలో ఉంది.

జార్జ్ పోర్టర్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో రాడార్ అధికారి. యుద్ధం ముగిశాక కేంబ్రిడ్జిలో రొనాల్డ్ నారిష్ దగ్గర పరిశోధనకు చేరాడు. అప్పట్లో రాడికల్స్ రసాయనవేత్తలకు చిక్కేవి కావు. అవి విరిగిన అణువుల ముక్కలు. పుట్టిన క్షణంలోనే దేన్నో ఒకదాన్ని పట్టుకుని మాయమవుతాయి. రాడార్ పుణ్యమా అని క్షణికమైన విద్యుత్ స్పందనలతో పని పోర్టర్‌కు అలవాటే. ఒక పెద్ద మెరుపుతో వాయువును విరగ్గొట్టి, లెక్కగట్టిన వ్యవధి తర్వాత రెండో మెరుపు వెలుగులో లోపల మిగిలిందేమిటో చూడాలన్నది ఆయన ఉపాయం. 1949లో ఆ పద్ధతి అచ్చయింది. పేరు ఫ్లాష్ ఫొటోలిసిస్. 1967లో నారిష్, పోర్టర్ ఇద్దరూ మాన్‌ఫ్రెడ్ ఐగెన్‌తో కలిసి నోబెల్ పంచుకున్నారు. 1960లో లేజర్ పుట్టిన తర్వాత మెరుపు నిడివి సెకనులో వందకోట్లో వంతు లెక్కకు కుదించుకుపోయింది.

గాలిలో వెతకాల్సిన రాడికల్ ఏదో 1971లో హైరమ్ లెవీ చూపించాడు. ఎండలోని అతినీలలోహిత కాంతికి ఓజోన్ విరిగి, ఆ ముక్క నీటి ఆవిరితో కలిస్తే హైడ్రాక్సిల్ పుడుతుంది. ఘన సెంటీమీటరు గాలిలో ఇవి సగటున పది లక్షలకు అటూ ఇటూ. అదే గాలిలో మొత్తం అణువులు 2.5 కోట్ల కోట్ల లక్షలు! ఇంత కొద్దిపాటి సరుకే మనం గాలిలోకి వదిలే వాయువుల్లో చాలావాటిని విరగ్గొడుతోంది.

ప్రయోగశాలలో జరిగేదిది. మూసిన గదిలాంటి పాత్రలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి, కొలిచి కలిపిన ఈథర్, పక్కన ఏ జోలికీ పోని హీలియం లాంటి వాయువు ఉంటాయి. 248 నానోమీటర్ల లేజర్ మెరుపు తగలగానే పెరాక్సైడ్ రెండు హైడ్రాక్సిల్స్‌గా చీలుతుంది. వెంటనే 282 నానోమీటర్ల రెండో లేజర్ వాటిని తడుతుంది. అవి 308 నానోమీటర్ల దగ్గర మెరుస్తాయి. ఆ మెరుపును ఫొటోమల్టిప్లయర్ లెక్కపెడుతుంది. రెండు లేజర్ల మధ్య ఎడం పెంచుకుంటూ పోతే మెరుపు తగ్గుతూ వస్తుంది. ఈథర్ ఎక్కువైతే ఇంకా త్వరగా తగ్గుతుంది. ఈథర్ మోతాదుతో ఆ తగ్గుదల ఎంత పెరిగిందో గీత గీస్తే, దాని వాలే చర్య వేగం. ఇందులో అసలైన తెలివి ఒకటుంది. హైడ్రాక్సిల్స్ ఎన్ని పుట్టాయో తెలియనక్కర్లేదు. మొదట ఉన్నదాంట్లో ఎంత వంతు మిగిలిందో తెలిస్తే చాలు. లెక్కపెట్టడానికి అందని వస్తువు వేగాన్ని ఇంత కచ్చితంగా పట్టిన పద్ధతులు విజ్ఞానశాస్త్రంలో అరుదు.

1846లో బోస్టన్‌లో దంతవైద్యుడు మోర్టన్ మత్తు కోసం అందరి ముందూ వాడి చూపిన డైఇథైల్ ఈథర్‌ను ఇలా కొలిచి, ఆ వేగాన్ని గాలిలోని హైడ్రాక్సిల్ సంఖ్యతో కలిపి లెక్కిస్తే, గాలిలో దాని ఆయుష్షు ఇంచుమించు ఒక రోజు. ఆక్సిజన్ పక్కనున్న కార్బన్ తన హైడ్రోజన్‌ను సులువుగా వదులుకోవడమే కారణం. కానీ ఆ పాత ఈథర్‌కు నిప్పంటుకునే గుణముంది. అది పోగొట్టడానికి హైడ్రోజన్ల స్థానంలో ఫ్లోరిన్ చేర్చారు. హైడ్రాక్సిల్ లాక్కోవడానికి ఉన్న హైడ్రోజన్లూ తగ్గిపోయాయి. డెస్‌ఫ్లూరేన్‌లో మిగిలినవి రెండే, ఆయుష్షు 14 ఏళ్లు. సెవోఫ్లూరేన్‌ది ఒకటి రెండేళ్లు. వందేళ్ల లెక్కలో డెస్‌ఫ్లూరేన్ అదే బరువు కార్బన్ డైఆక్సైడ్ కంటే సుమారు 2,500 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. సెవోఫ్లూరేన్ 130 రెట్లు.

ఇంత నెమ్మదైన చర్యలను కొలవడానికి ఇంకో దారి ఉంది. వేగం ముందే తెలిసిన వాయువును తోడుగా పెట్టి, రెండింటిలో ఏది ఎంత తరుగుతోందో ఇన్‌ఫ్రారెడ్‌తో పోల్చడం. కోపెన్‌హాగెన్‌కు చెందిన మాడ్స్ సుల్‌బెక్ ఆండర్సన్, ఓలె జాన్ నీల్సన్ ఈ మత్తుమందులను లోతుగా పరిశీలించిన బృందంలో ఉన్నారు. 2010లో వైద్యులు చదివే పత్రికలోనే ఫలితాలు అచ్చువేశారు. మనకు దగ్గర్లో చెన్నైలో, ఐఐటీ మద్రాసులోని బి. రాజకుమార్ బృందం గాలిలోని సేంద్రియ వాయువులతో హైడ్రాక్సిల్, క్లోరిన్ చర్యల వేగాలను లేజర్లతో కొలుస్తోంది.

ఆ కొలతల బలంతోనే స్కాట్లాండ్ 2023లో డెస్‌ఫ్లూరేన్‌ను పక్కన పెట్టింది. తప్పనిసరి వైద్య అవసరం ఉంటే తప్ప వాడరాదని ఐరోపా సమాఖ్య 2026 జనవరి 1 నుంచి నియమం పెట్టుకుంది. ఆపరేషన్ ఉన్నవాళ్లు ఇది చదివి మత్తుకు వెనకాడకండి, ఒక్కొక్కరికి పట్టే వాయువు కొంచెమే. మత్తు డాక్టర్లకే నా విన్నపం: సెవోఫ్లూరేన్ సరిపోయే చోట డెస్‌ఫ్లూరేన్ తెరవకండి, వాయు ప్రవాహాన్ని రోగికి క్షేమమైనంత మేర తగ్గించి నడపండి.