మీకు తెలుసా? దొందూ దొందే!

రెండింటికీ తేడా ఏముందని తీసిపారేయడానికి మనకు మాటల కరువు లేదు. 'దొందూ దొందే' ఉంది. 'రెండూ రెండే' అనబోయిన నత్తి నోటి మాట అది. బట్టల కొట్టు భాషలో 'ఒకే తాను ముక్కలు' ఉంది. రెండూ చెడ్డవే అయితే 'ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి' అంటాం. అందులోని విసుగు మిగతావాటికి రాదు.

ఇంగ్లిష్‌వాళ్ల 'ట్వీడిల్‌డమ్, ట్వీడిల్‌డీ' వెనక సంగీతం గొడవ ఉంది. 1720ల లండన్‌లో సంగీతకర్తల్లో హేండెల్ గొప్పా, బొనొన్‌చీని గొప్పా అని ఒపేరా అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయారు. మన సినిమా హీరోల అభిమానులకు ఇదేం కొత్త కాదు లెండి! 1721లో 'ముజియో షెవోలా' అనే ఒపేరాకు రెండో అంకం బొనొన్‌చీని, మూడో అంకం హేండెల్ కట్టారు. దాంతో పోలికలు ఇంకా ముదిరాయి. ఈ రచ్చను ఎగతాళి చేస్తూ 1725లో జాన్ బైరమ్ ఓ చిన్న పద్యం రాశాడు. పిడేలు కూతలా వినిపించే ఈ జంట పేర్లు అందులోవే. 1871లో లూయిస్ కారల్ వాటిని ఆలిస్ కథలోకి తెచ్చాడు. తమాషా ఏమిటంటే, హేండెల్ సంగీతం నేటికీ లోకమంతా మోగుతోంది, బొనొన్‌చీని పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆ తేడా మరీ అంత చిన్నదేం కాదు.

ఫ్రెంచివాళ్లది 'టోపీ తెల్లన, తెల్లన టోపీ'. 1969 అధ్యక్ష ఎన్నికల తుది పోరులో మిగిలిన పాంపిడూ, పొయెర్‌లను కమ్యూనిస్టు నేత జాక్ డుక్లో ఈ మాటతోనే కొట్టిపారేశాడు. గెలిచింది పాంపిడూ.