రెండు ధ్వనులలో నాలుగు దాగియున్నవా?

సామాన్యమైన స్టీరియో రికార్డునందు ఎడమ, కుడి యను రెండు ధ్వనిమార్గములే యుండును. 1970 తరువాతి దశాబ్దమున కొందఱు శ్రోతకు ముందు రెండు, వెనుక రెండు స్పీకర్ల నుంచి, గానమును నలుదెసలనుండి వినిపింపఁ జూచిరి. దీనికి క్వాడ్రఫోనిక్ అని పేరు. గాడి యొక్కటియే, దాని గోడలు రెండే. అందు నాలుగు ధ్వనుల నిముడ్చుట యెట్లు?

ఇందులకు రెండు త్రోవలు గలవు. అమెరికాలోని సీబీఎస్ వారి ఎస్‌క్యూ, జపానులోని సన్‌సూయి వారి క్యూఎస్ పద్ధతులలో వెనుకటి ధ్వనుల దశను మార్చి, అనఁగా తరంగములను కొంత ముందువెనుకలు గావించి, ముందటి ధ్వనులలోఁ గలుపుదురు. జేవీసీ వారి సీడీ-4 పద్ధతిలోనైతే చెవికి వినఁబడని 30,000 హెర్ట్జుల వాహకతరంగముపై ముందువెనుకల భేదము నెక్కింతురు.

రికార్డు చేతికి వచ్చినపుడు మొదట దాని యట్టపై ముద్రను జూడవలెను. పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాఁటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ స్టీరియోగాను, ఎస్‌క్యూగాను వేర్వేఱుగ వెలువడెను గనుక పేరు మాత్రము చూచిన చాలదు. అట్ట పోయినచో నేమి చేయవలెను?

రెండు మార్గములను గూడి యొక్కటిగా వినుఁడు. వెనుక నడుమ నుంచిన వాద్యము క్షీణించును. ఏలయన నొక తరంగము యొక్క మిట్ట రెండవదాని పల్లమును బూడ్చివేయును. పిదప నొకదానినుండి మఱియొకదానిని దీసివేసి వినుఁడు. ఆ వాద్యమే స్పష్టముగ వినఁబడును. ఆసిలోస్కోపునందు ఒక మార్గమును అడ్డముగను, రెండవదానిని నిలువుగను జూపినచో, ముందు నడిమి ధ్వని ఒక ప్రక్కకు వాలిన గీతయగును. వెనుక నడిమిది ఎదుటి ప్రక్కకు వాలును. ఎస్‌క్యూలో వెనుక ఎడమ మూలనుంచిన శుద్ధస్వరము వలయము గీయును; కుడి మూలది యెదురుదిశలో గీయును.

అయినను తొందరపడి తీర్పు చెప్పరాదు. తీఁగె తలక్రిందుగఁ గలిపినను, టేపు తల కొంచెము వంకరయైనను దశాభేదము పుట్టును. సామాన్య స్టీరియోలోను అట్టి ధ్వనులు గలవు. తీఁగెల తప్పు పాటనంతటిని మార్చును. క్వాడ్రఫోనిక్ ధ్వనియైతే కొన్ని వాద్యములనే యెన్నుకొని వెనుకకుఁ బంపును. కావున ముద్ర, చెవి, యంత్రము మూఁడును ఏకీభవించినపుడే నిశ్చయము.

సీడీ-4 విషయమున మఱియొక జాగ్రత్త. సెకనునకు 44,100 మాదిరులు దీయు సామాన్య డిజిటల్ ప్రతిలో 22,050 హెర్ట్జులకు మించినది నిలువదు. వాహకతరంగము పూర్తిగ నశించును. 96,000 మాదిరులతో, తగిన సూదితో నెక్కించి, వర్ణపటములో 30,000 దగ్గఱ రేఖ యున్నదేమో చూడవలెను.

ప్రతి తీసికొంటిమిగదా యని పాత రికార్డులను పాఱవేయువారికి మా మనవి యిదియే: ప్రతిలోనికి రానిది మూలములో నింకను నుండవచ్చును. పరీక్షింపక దేనిని విడువకుఁడు.