రెండు చుక్కల నీరు, అర డిగ్రీ వంపు

రేపల్లెకు దిగువన, నిజాంపట్నం వైపు సముద్రపు పాయలను ఆనుకుని ఉన్న రొయ్యల చెరువులలో నీటి ఉప్పుదనం ఏడాది పొడవునా ఒక్కతీరుగా ఉండదు. వేసవిలో నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది, వానలు ముదిరితే పలచబడుతుంది. ఈ మార్పు ఉన్నట్టుండి వస్తే రొయ్య తట్టుకోలేదు కనుక, రైతులు ‘సెలినిటీ’ అని పిలిచే ఈ లవణీయతను కొలుచుకోవడం సాగులో భాగమైంది. అందుకు వాడే జానెడు గొట్టంలాంటి రిఫ్రాక్టోమీటరు నిజానికి ఉప్పును తూచదు. ఆ నీటిని దాటే వెలుగు ఎంత వంగిందో మాత్రమే చూస్తుంది.

శూన్యంలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు సాగే కాంతి నీటిలో సుమారు 2.25 లక్షల కిలోమీటర్లకు నెమ్మదిస్తుంది. గట్టి బాట మీద నుంచి తడి చేలోకి ఏటవాలుగా దిగే ఎడ్లబండికి ముందుగా బురద తగిలిన చక్రం వెనకబడి, రెండోది ఇంకా వేగంగా దొర్లడం వల్ల బండి చేను లోపలికి తిరిగినట్లే, నీటిలో ముందుగా మునిగిన కాంతి తరంగపు అంచు మందగించి తరంగమంతా దిశ మార్చుకుంటుంది. ఇదే వక్రీభవనం. శూన్యంలోని వేగాన్ని ఆ పదార్థంలోని వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు. మంచినీటికి అది 1.333 కాగా, కిలోకు 35 గ్రాముల లవణాలున్న, అంటే 35 పీపీటీ గల సముద్రపు నీటికి 1.339.

మూడో దశాంశ స్థానంలోని ఈ తేడాను కంటికి అందించడమే పరికరంలోని అసలు అందం. గాజు పట్టకం వాలు ముఖం మీద రెండు చుక్కల చెరువు నీరు వేసి, పారదర్శకమైన మూత కప్పి, వెలుగు వైపు తిప్పితే, నీటి పొరలో అన్ని వైపులకూ చెదిరిన కాంతి గాజులోకి దిగుతుంది. అయితే గాజు ముఖాన్ని రాసుకుంటూ వచ్చిన కిరణం కూడా లోపల లంబం నుంచి ఒక హద్దును దాటి పోలేదు. ఆ హద్దే సందిగ్ధ కోణం. దానికి ఇవతల వెలుగు, అవతల చీకటి కనుక, కంటి దగ్గరి కటకంలో తెలుపూ నీలమూ కలిసే చోట గీత ఏర్పడి స్కేలు మీద పీపీటీని చూపుతుంది. గాజు గుణకం 1.5 అనుకుంటే మంచినీటికి ఈ కోణం 62.7 డిగ్రీలు, సముద్రపు నీటికి 63.2, ఏటి నీటికీ కడలి నీటికీ ఉన్న ఉప్పు వ్యత్యాసమంతా అర డిగ్రీలో, అంటే ఆకాశంలో నిండు చందమామ కనిపించేంత వెడల్పులో ఇమిడిపోతుంది. ఈ సూత్రంతో పనిచేసే పరికరాన్ని జర్మనీలోని యేనా నగరంలో ఎర్నెస్ట్ ఆబె 1874లోనే వివరించాడు.

ఇంత సన్నని కొలతను వేడి సులువుగా చెడగొట్టగలదు. నీరు 20 నుంచి 30 డిగ్రీలకు వేడెక్కితే గుణకం దాదాపు 0.001 తగ్గుతుంది, అది ఐదారు పీపీటీ ఉప్పు తగ్గినదానితో సమానం. అందువల్ల వేడిని సరిదిద్దే ఏర్పాటున్న పరికరంలోనైనా చుక్కను అర నిమిషం పట్టకం మీద ఉంచి చూడడం, ముందుగా స్వేదనజలంతో గీతను సున్నా దగ్గర నిలపడం తప్పనిసరి. వంపుకు కారణం ఉప్పా, మరొకటా అన్నది కాంతికి పట్టదు. నూటికి ఒక వంతు పంచదార కలిపిన మంచినీటిని వేసినా, గీత దాదాపు 8 పీపీటీ దగ్గరే నిలుస్తుంది.